దెబోరా చేసిన పచ్చి టమాటా పచ్చడి

జార్జియాలో అట్లాంటాని ఆనుకుని డికేటర్ అనే చిన్న ఊరుంది. అక్కడ పాత చెక్క ఇళ్లున్న వీధిలో ఒక ఇంటిని 1982లో రెస్టారెంటుగా మార్చారు. పేరు 'సైడ్ పోర్చ్'. మొదట్లో ఆదివారం ఒక్కరోజే తెరిచేవారు, అదీ బ్రంచ్‌కి మాత్రమే. చర్చిలో ఆరాధన ముగియగానే జనం నెత్తిన టోపీలతో, చేతుల్లో బైబిళ్లతో నేరుగా అక్కడికి వచ్చి కూర్చునేవారు. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ కలిసిపోయిన ఆ ఒక్క పూటకి నూటపాతిక మంది దాకా తేలేవారు. వాళ్లకి వండే నలుగురిలో బాపట్ల దెబోరా ఒకతె.

వంట ఉద్యోగం చేద్దామని ఆమె అమెరికా రాలేదు. బాపట్లలో మిషన్ హైస్కూల్లో తొమ్మిదేళ్లు సైన్సు చెప్పింది. భర్త ప్రేమానందం ఎక్స్‌రే టెక్నీషియన్. అతనికి అట్లాంటాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికితే, నాలుగేళ్ల కూతురు మణిని తీసుకుని 1978లో ముగ్గురూ వచ్చారు. ఇక్కడ టీచరు కావాలంటే మళ్లీ రెండేళ్లు చదవాలన్నారు. పిల్ల చిన్నది, కారు ఒకటే, చదువు వాయిదా పడింది. చివరికి దెబోరా ఒక బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే పనికి కుదిరింది. తను పాఠం చెప్పాల్సిన పిల్లలకి పళ్లేలు అందిస్తున్నానని మొదటి వారం ఏడ్చింది. రెండో వారం నుంచి ఏడవడం మానేసింది.

ఆ బడి వంటింట్లోనే ఆమెకి ఎర్లీన్ పరిచయమైంది. ఎర్లీన్‌కి అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. నల్లజాతి మనిషి, పొడగరి, మాట తక్కువ. పదిహేనో ఏట నుంచీ పొయ్యి ముందు నిలబడ్డదే. సైడ్ పోర్చ్‌లో పెద్ద వంటమనిషిగా పిలుపు వచ్చినప్పుడు, "నాతో ఒకామె వస్తుంది, చెయ్యి శుభ్రం, మనిషి నెమ్మది" అని చెప్పి దెబోరాని వెంటబెట్టుకుని వెళ్లింది.

మొదటి ఆదివారం ఎర్లీన్ తెల్లటి రవ్వ ఉన్న గిన్నె చూపించింది.

"ఇదేమిటో తెలుసా?"

"మొక్కజొన్న రవ్వ."

"మేం గ్రిట్స్ అంటాం. మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ కలుపుతూ ఉండాలి. గంటసేపు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, చెయ్యి మాత్రం ఆపకు."

దెబోరాకి నవ్వొచ్చింది. జ్వరం పడ్డప్పుడు వాళ్లమ్మ నూకల జావ కాచేది ఇలాగే. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. బెండకాయలు, బొబ్బర్లు, మజ్జిగ, వెల్లుల్లి వేసి మగ్గబెట్టిన ఆకుకూరలు, సీసాలో పులిసిన పచ్చిమిరపకాయలు. ముక్కూమొహం తెలియని ఊళ్లో వరసగా బంధువులు ఎదురుపడుతున్నట్టు అనిపించింది ఆమెకి.

రెస్టారెంటు యజమాని మార్గరెట్ హోలిస్. నలభై ఏళ్ల తెల్ల మనిషి. ఆ ఇల్లు వాళ్ల నానమ్మది. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది వంట అంటే దారి పక్క హోటళ్లలో తినే నూనె తిండి అని పెద్ద రెస్టారెంట్లవాళ్లకి చిన్నచూపు. ఆ వంటనే తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీదికి తేవాలని మార్గరెట్ పట్టుదల. కొవ్వు తగ్గించి, కూరగాయలు తాజాగా తెప్పించి, కొంచెం కొంచెంగా అందంగా వడ్డించేది. కష్టపడే మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచేది కాదు. అయితే ఒక సంగతి దెబోరా మొదటి రోజే గమనించింది. వయసులో పెద్దదైన ఎర్లీన్ ఆమెను "మిస్ మార్గరెట్" అని గౌరవంగా పిలిచేది. మార్గరెట్ మాత్రం ఆమెను ఉత్త "ఎర్లీన్" అనేది. అందుకని దెబోరా తనంతట తాను "మిస్ ఎర్లీన్" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ రోజు వెళ్లేటప్పుడు ఎర్లీన్ ఆమెకి రెండు బిస్కెట్లు, అక్కడి మెత్తటి చిన్న రొట్టెలు, కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆదివారం పని వల్ల ఇంట్లో చిక్కు వచ్చింది. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు పదో పన్నెండో ఉండేవి. ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో ఆదివారం సాయంత్రం నాలుగింటికి సహవాసం పెట్టుకునేవారు. దెబోరా బ్రంచ్ ముగించుకుని, చీర మార్చుకుని, సగం ప్రార్థన అయ్యాక వచ్చేది. జుట్టులో వేపుడు వాసన పోయేది కాదు. వచ్చేవాళ్లలో డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు. "సిస్టర్ గారు ఎక్కడ వర్క్ చేస్తున్నారు బ్రదర్?" అని ఎవరైనా అడిగితే ప్రేమానందం, "ఫుడ్ మేనేజ్‌మెంట్‌లో అండీ" అనేవాడు. ఆ మాట పక్కనే ఉన్న దెబోరా చెవిన పడేది. ఇంటికి వచ్చాక ఆమె ఆ ప్రస్తావన తెచ్చేది కాదు, అతనూ తెచ్చేవాడు కాదు. మూడేళ్లలో అతను ఆమెను ఆ రెస్టారెంటు దగ్గర వందసార్లు దించి ఉంటాడు. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు.

1984 అక్టోబరులో ఒక శనివారం, చలి ముందుగా వస్తోందని తెలిసి ఒక రైతు తన తోటలో మిగిలిన పచ్చి టమాటాలన్నీ కోసి పెట్టెల్లో తెచ్చి పడేశాడు. కొన్ని ముక్కలు కోసి వేయించడానికి పనికొచ్చాయి. మిగతావి చిన్నవి, గట్టివి. పారేయాలంటే దెబోరాకి మనసొప్పలేదు. వేరుశనగ నూనెలో పచ్చిమిరపకాయలూ టమాటా ముక్కలూ మగ్గించింది. నువ్వులు, చిటికెడు మెంతులు విడిగా వేయించి, వెల్లుల్లి చేర్చి మిక్సీలో బరకగా తిప్పింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టింది. పనివాళ్లు తినే బల్ల మీద పెట్టి తన పని చూసుకోవడానికి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేసరికి గిన్నె సగం ఖాళీ. ఎర్లీన్ బిస్కెట్టు ముక్కతో అంచులు తుడుస్తోంది.

"ఇందులో బెన్నీ వేశావు" అంది ఎర్లీన్.

"బెన్నీ అంటే?"

ఎర్లీన్ నువ్వుల డబ్బా చూపించింది. "మా అమ్మ పెరట్లో వేసేది. మేం తిని చాలా ఏళ్లయింది."

మార్గరెట్ కూడా రుచి చూసింది. నోరు మండి నీళ్లు తాగి మళ్లీ చూసింది. ఆమె అప్పుడే గురువారం నుంచి ఆదివారం దాకా డిన్నర్ కూడా మొదలుపెట్టే ప్రయత్నంలో ఉంది. "ఇది మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన క్యాట్‌ఫిష్ పక్కన పెడితే ఎలా ఉంటుంది?" అంది. కారం కొంచెం తగ్గించి పెట్టి చూశారు. చేప కమ్మదనానికి ఆ పులుపు సరిగ్గా సరిపోయింది. దెబోరాకి ఆ రోజంతా సంతోషంగా ఉంది. ఇంటికెళ్లి ప్రేమానందంతో చెప్పింది కూడా. అతను పేపర్ మడిచి, "మన పచ్చడి దొరలు తింటున్నారా?" అని నవ్వాడు.

నవంబరులో డిన్నర్ మొదలైంది. మెనూ కార్డు అచ్చయి వచ్చింది. క్యాట్‌ఫిష్ కింద, 'మా నానమ్మ గారి పచ్చి టమాటా రెలిష్‌తో' అని ఉంది. రెలిష్ అంటే పచ్చడికి వాళ్ల మాట. దెబోరా అది రెండుసార్లు చదివింది. అచ్చులో పొరపాటు జరిగిందేమో అనుకుంది. ఆ పక్క పేజీలో పీచ్ పళ్ల మీద పిండి పరిచి కాల్చే కాబ్లర్ అనే తీపి వంటకం కూడా నానమ్మ గారిదే అని ఉంది. కాబ్లర్ ఎర్లీన్ చేసేది.

మార్చిలో ఒక పత్రికలో రెస్టారెంటు గురించి వ్యాసం వచ్చింది. బ్రంచ్‌లో రొయ్యలతో వడ్డించిన గ్రిట్స్ మొదలు డిన్నర్‌లో కాబ్లర్ దాకా అన్నీ మెచ్చుకున్నాడు రాసినాయన. ముఖ్యంగా ఆ రెలిష్‌లో మూడు తరాల నాటి జార్జియా పెరటి రుచి ఉందన్నాడు. పదేళ్ల మణి భోజనాల బల్ల దగ్గర దాన్ని పైకి చదివింది. చదివి తలెత్తింది.

"మమ్మీ, దిస్ ఈజ్ యువర్స్ కదా. వై డస్ ఇట్ సే హర్ గ్రాండ్‌మదర్?"

"వాళ్లకి అలా రాసుకోవాలనిపించింది నాన్నా."

"బట్ ఇట్స్ నాట్ ట్రూ."

ప్రేమానందం కల్పించుకున్నాడు. "పోనీలే దెబోరా. పేరుదేముంది? పెద్ద గొడవ చెయ్యకు. మంచిగా చూసుకుంటున్నారు గదా."

దెబోరా సరేనంది. కానీ ఆ వారమంతా ఆమెకి పని మీద మనసు నిలవలేదు. శనివారం చిక్కుళ్లు తుంచుతూ ఎర్లీన్‌ని అడిగింది.

"మిస్ ఎర్లీన్, కాబ్లర్ కింద అలా రాశారు గదా. మీకేమీ అనిపించలేదా?"

ఎర్లీన్ తుంచడం ఆపలేదు. "నా కాబ్లర్‌కి ఇది మూడో నానమ్మ" అంది.  "అంతకుముందు పనిచేసిన రెండు చోట్లా ఇంతే. ఆ ఇళ్లలో నానమ్మలు వంటింట్లోకి వచ్చేది ఏం వండాలో చెప్పడానికి. వండింది మాబోటివాళ్లం. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారికి అలసిపోయాను."

ఏప్రిల్‌లో మార్గరెట్ ఒక ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఏదో పత్రికవాళ్లు రెలిష్ తయారీ అచ్చు వేస్తామని అడిగారు. "డెబ్రా, కొలతలు రాసిస్తావా?" అంది.

"రాసిస్తాను. పైన పేరు ఏమని వేస్తారు?"

"ఇప్పుడు ఉన్నదే."

దెబోరా చేతులు తుడుచుకుంది. "నేను టీచరుగా చేశాను. ఒకరు రాసిన జవాబు కింద ఇంకొకరు పేరు పెట్టుకుంటే ఇద్దరినీ పిలిచి అడిగేదాన్ని. మిమ్మల్ని ఎవరూ అలా పిలిచి అడగకూడదనే ముందే అడుగుతున్నాను."

మార్గరెట్ మొహం ఎర్రబడింది. "అది మోసం చేద్దామని రాసింది కాదు. రెస్టారెంటుకి ఒక కథ ఉండాలి. ఈ ఇల్లు, ఈ బల్లలు, మా నానమ్మ... జనం వచ్చేది సౌత్ రుచి కోసం. ఇండియా అంటే అయోమయపడతారు."

"మాదీ సౌతే" అంది దెబోరా.

పొయ్యి వైపు తిరిగి ఉన్న ఎర్లీన్ భుజాలు నవ్వుతో కదిలాయి. మార్గరెట్ నవ్వలేదు. దెబోరా కూడా నవ్వించడానికి ఆ మాట అనలేదు.

"మీ నానమ్మ గారు వండినవి ఏవైనా చెప్పండి, వండుతాను. ఈ పచ్చడి మాత్రం ఇక చేయను" అంది. అనేసి ఉల్లిపాయలు కోయడానికి కూర్చుంది. 

ఉద్యోగం పోతుందని ఇంట్లో చెప్పింది. ప్రేమానందం కోప్పడలేదు. "ఇన్నాళ్లకి పంతం పట్టావన్న మాట" అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో మెప్పు ఉందో మందలింపు ఉందో ఆమెకి తెలియలేదు.

ఉద్యోగం పోలేదు. మూడు వారాలు క్యాట్‌ఫిష్ ఉత్త నిమ్మచెక్కతో వెళ్లింది. వచ్చినవాళ్లు రెలిష్ ఏదని అడుగుతూనే ఉన్నారు. మార్గరెట్ ఒక మంగళవారం తనే చేసి చూసింది. మెంతులు మాడ్చింది, చేదు విషమైంది. ఎర్లీన్‌ని సాయం అడిగింది. ఆ పచ్చడి తయారవుతుంటే యాభైసార్లు పక్కన నిలబడి చూసిన ఎర్లీన్, "నాకు తెలియదమ్మా" అంది.

నాలుగో వారం గురువారం మధ్యాహ్నం, డిన్నర్‌కి ఇంకా టైముండగా మార్గరెట్ వచ్చి ఒక ఖాళీ కూరగాయల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుంది.

"నానమ్మ ఇంట్లో లూలా అని ఒకామె వండేది" అంది, ఎవరి మొహమూ చూడకుండా. "పద్దెనిమిదేళ్లు నాకు అన్నం పెట్టింది. రాత్రి నుంచీ గుర్తు తెచ్చుకుంటున్నాను. ఆమె ఇంటిపేరు నాకు తెలియదు."

 దెబోరాకి ఆమె మీద జాలి వేసింది. అలా వేసినందుకు తన మీద తనకి కొంచెం కోపమూ వచ్చింది. ఎర్లీన్ అంది. "కనుక్కోవచ్చు. ఏ చర్చికి వెళ్లేదో గుర్తుందా?"

గుర్తుంది. ఎర్లీన్ ఇద్దరు ముసలమ్మలకి ఫోన్ చేసింది. లూలా గ్రేసన్. చనిపోయి పదకొండేళ్లయింది. కొడుకు మేకన్ అనే ఊళ్లో ఉన్నాడు. మార్గరెట్ అతన్ని చూడటానికి వెళ్లి వచ్చింది గానీ అక్కడ ఏం మాట్లాడుకున్నారో వంటింట్లో చెప్పలేదు.

జూన్‌లో కొత్త మెనూ కార్డులు వచ్చాయి, వండినవాళ్ల పూర్తి పేర్లతో. లూలా గ్రేసన్ బిస్కెట్లు. ఎర్లీన్ ట్రయ్స్ పీచ్ కాబ్లర్. దెబోరా ప్రేమానందం పచ్చి టమాటా పచ్చడి. పచ్చడి అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో మార్గరెట్ దెబోరాని అడిగి రాయించుకుంది.

అంతటితో అంతా బాగుపడిందని చెప్పలేను. పేరు మారాక క్యాట్‌ఫిష్ అడిగేవాళ్లు తగ్గారు. రెలిష్‌గా ఉన్నప్పుడు లొట్టలేసిన నోళ్లే పచ్చడి అనేసరికి వెనక్కి తగ్గాయి. ఒకాయన, "ఈ విదేశీ పదార్థం వద్దు, ముందు ఉండేది తెమ్మను" అని పళ్లెం తిప్పి పంపాడు.

"ఇదే వేరే గిన్నెలో పెట్టి, పాతదే అని చెప్పనా?" అని అడిగింది వడ్డించే అమ్మాయి.

దెబోరా ఒక్క క్షణం ఆలోచించింది. "వద్దు. రెండూ ఒకటే అని చెప్పు" అంది.

ఆయన నమ్మలేదు, తినలేదు. ఆ చల్లారిన పళ్లేన్ని దెబోరా తన చేత్తోనే చెత్తలో వంచింది. మార్గరెట్ అది చూసింది గానీ కార్డు మళ్లీ మార్చుదామని అనలేదు. తగ్గినవాళ్లలో కొందరు నెమ్మదిగా తిరిగి వచ్చారు, కొందరు రాలేదు.

మణి ఒక కార్డు ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. ప్రేమానందం పొద్దున పాలు తీసుకునేటప్పుడల్లా అది కనిపించేది. అందులో తన పేరు కూడా ఉంది. వారం పదిరోజులు గడిచాయి. తర్వాత ఆసుపత్రి నుంచి రెస్టారెంటుకి ఫోన్ చేసి, ఆదివారం పదకొండింటికి ఇద్దరికి టేబుల్ బుక్ చేశాడు. ఇంట్లో చెప్పలేదు.

ఆ ఆదివారం వడ్డించే అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "సూటు వేసుకున్న ఒకాయన ఈ గ్రిట్స్ ఎవరు కాచారని అడుగుతున్నారు" అంది. దెబోరా తలుపు సందులోంచి చూసింది. కిటికీ పక్క బల్ల దగ్గర భర్తా కూతురూ కూర్చున్నారు. అతను పెళ్లిళ్లకి వేసుకునే నీలం సూటులో ఉన్నాడు. రొయ్యలతో గ్రిట్స్, బిస్కెట్లు, ఆకుకూర, బెండకాయ వేపుడు, అన్నీ తెప్పించుకున్నాడు. చెంచా పక్కన పెట్టి చేత్తోనే తింటున్నాడు. పక్క బల్లవాళ్లు చూస్తున్నా పట్టించుకోవడం లేదు.

రెండున్నరకి బ్రంచ్ అయిపోయింది. అందరూ వెళ్లారు. ప్రేమానందం లేవలేదు. దెబోరా ఏప్రన్‌తోనే బయటికి వచ్చింది.

"ఏమండీ, మూసేస్తున్నారు. మీకు సహవాసానికి టైమవుతోంది."

"ఈ వారం రావట్లేదని ఫోన్ చేసి చెప్పాను. డిన్నర్ ఎన్నింటికి?"

"అయిదున్నరకి."

"అయితే ఉంటాం."

"పొట్టలో చోటెక్కడుంది మీకు?"

"నువ్వు వండేవన్నీ ఇంకా తినలేదు గదా" అన్నాడతను. తర్వాత గొంతు తగ్గించి, "మూడేళ్లు కార్‌లోనే కూర్చున్నాను దెబోరా. ఎందుకు లోపలికి రాలేదో నాకే తెలియదు" అన్నాడు.

ఆమె బల్ల మీద ముక్కలు చేత్తో దులిపి లోపలికి వెళ్లింది. కాసేపటికి ఎర్లీన్ అతన్ని వంటింట్లోకి పిలిచి, ఒక బుట్టెడు పచ్చి బొబ్బరికాయలు ముందు పెట్టింది. అతను కోటు విప్పి గింజలు ఒలవడానికి కూర్చున్నాడు. మణి వరండాలో ఉయ్యాల బల్ల మీద పుస్తకం చదువుకుంటూ నిద్రపోయింది.

"మీ ఆవిడ గ్రిట్స్ నాకంటే బాగా కాస్తుంది. బయట చెప్పకు" అంది ఎర్లీన్.

"నేను మా వాళ్లందరికీ ఆమె ఫుడ్ మేనేజ్‌మెంట్‌లో ఉందని చెప్పాను."

"అంటే ఏం పని?"

"నాకూ తెలియదు" అన్నాడు ప్రేమానందం.

ఎర్లీన్ పెద్దగా నవ్వింది. అటు తిరిగి ఉన్న దెబోరా కూడా నవ్వింది, తర్వాత కళ్లు ఒత్తుకుంది.

డిన్నర్ మొదలైన కాసేపటికి ఎర్లీన్ దెబోరా నడుము దగ్గర ముడి విప్పి ఏప్రన్ లాగేసుకుంది. "వెళ్లి కూర్చో. ఈ పూట నేను చూసుకుంటా" అంది. దెబోరా వద్దంటున్నా మార్గరెట్ కుర్చీ లాగి చూపించింది. తెల్ల గుడ్డ మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో దెబోరాకి తెలియలేదు. క్యాట్‌ఫిష్ వచ్చింది, పక్కన చిన్న గిన్నెలో పచ్చడి.

ఇన్నాళ్లూ ఆమె దాన్ని చెంచా చివర నాకి, ఉప్పు చూసి పంపించిందే గానీ, వేడి చేపతో కలిపి పళ్లెంలో పెట్టుకుని తినలేదు. ఇప్పుడు తాపీగా తింది. భర్త ఎలా ఉందని అడిగాడు. ఇంకో ముద్ద తీసుకుని, నమిలి, ఆలోచించింది.

"బాగానే ఉంది. వెల్లుల్లి మాత్రం చేపని మింగేస్తోంది" అంది.

మరుసటి గురువారం నుంచి రెండు రెబ్బలు తగ్గించింది.